కొత్త చైన్ వేశాక పాత రోడ్ సైకిల్‌కి చైన్ జారుతోంది, మొత్తం సెట్టు మార్చాలా?

ఏడు గేర్ల పాత రోడ్ సైకిల్, చైన్ అరిగిందని కొత్తది వేశాను, ఇప్పుడు ఎత్తు ఎక్కుతూ పెడల్ మీద బరువు వేయగానే టక్కున జారుతోంది, అన్నీ మార్చాలా అని అడిగారు. అక్కర్లేదండీ. వెనక ఫ్రీవీల్ (వెనక చక్రానికి మరలతో బిగించే గేర్ల పళ్ళ గుత్తి) కూడా మార్చండి, చాలావరకు దాంతోనే తీరిపోతుంది.

నాకూ అచ్చం ఇలాగే అయింది. గేర్ కేబుల్ టెన్షన్‌లో తేడా ఉందనుకుని రెండు ఆదివారాలు దాన్నే బిగిస్తూ వదులు చేస్తూ కూర్చున్నాను. తర్వాత గమనిస్తే, నేను ఎక్కువగా వాడే మధ్య రెండు గేర్లలోనే జారుతోంది, వెనక గేర్లలో అన్నిటికంటే పెద్ద పళ్ళ చక్రం మీద అసలు జారడం లేదు. కేబుల్ తప్పయితే అలా ఏరి ఏరి జారదు కదా. చైన్ సాగింది అంటాం గానీ ఇనుము సాగదు, లింకుల్ని కలిపే పిన్నులు అరిగి ఒక్కో కీలు దగ్గర వెంట్రుకవాసి ఖాళీ వస్తుంది, వంద కీళ్ళ ఖాళీ కలిస్తే చైన్ పొడవైనట్టు ఉంటుంది. పాత చైన్‌తో పాటే వెనక పళ్ళూ అరుగుతాయి కాబట్టి ఆ రెండూ కలిసి ఉన్నన్నాళ్ళూ ఏమీ తెలియదు. కొత్త చైన్‌కి రోలర్ల మధ్య దూరం సరిగ్గా అర అంగుళం, అది ఆ అరిగిన గుంటల్లో కుదురుగా కూర్చోక బరువు పడగానే పంటి మీదికెక్కి దూకేస్తుంది.

ఇకముందు చైన్‌ని స్కేలుతో కొలుస్తూ ఉండండి. ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెడితే 24వ లింకు పిన్ను సరిగ్గా 12 అంగుళాల గీత మీద ఉండాలి. అంగుళంలో 16వ వంతు దాటితే చైన్ మార్చేయండి, 8వ వంతు దాకా ఆగితే ఫ్రీవీల్ కూడా పోయినట్టే.

కొనేముందు చక్రం ఊడదీసి పళ్ళను వెనక్కి తిప్పి చూడండి. మధ్యలో, ఊడదీసే టూల్ పట్టే గాడి పళ్ళతో పాటు తిరిగితే అది కేసెట్ (మరలతో కాకుండా హబ్ మీదికి జొనిపే పళ్ళ గుత్తి), కదలకుండా ఉంటే ఫ్రీవీల్. ఫ్రీవీల్ ఊడదీయడమే అసలు కష్టం, తొక్కిన ప్రతిసారీ అది ఇంకాస్త బిగుసుకుంటుంది మరి. నేను మామూలు పానాతో లాగితే టూల్ జారి గాడి అంచు కొంచెం చెక్కుకుపోయింది, మీరు ఆ పని చేయకండి. టూల్‌ని గాడిలో పెట్టి ఇరుసు నట్టుతో అదిమి ఉంచి, దాన్ని బెంచ్ వైస్‌లో బిగించి, చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని స్టీరింగ్‌లా ఎడమవైపు తిప్పండి. టప్పున వదులుతుంది, వదలగానే ఆ నట్టు తీసేయండి. కొత్తది ఎక్కించేముందు మరలకు గ్రీజు తప్పకుండా రాయండి.

6, 7, 8 గేర్లకు ఒకే రకం చైన్ సరిపోతుంది కాబట్టి మీరు కొన్న చైన్ వృథా కాదు. ముందు చైన్ వీల్ పళ్ళు సొరచేప రెక్కలా ఒకవైపుకి వంగి ఉంటేనే మార్చండి, నాది ఇప్పటికీ పాతదే. ఫ్రీవీల్ కొనేటప్పుడు మాత్రం పాతదాని పెద్ద పళ్ళ చక్రానికి ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టి అంతే ఉన్నది తీసుకోండి, అంతకంటే పెద్దదైతే మీ పాత డెరైలర్‌కి (చైన్‌ని ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపే భాగం) అందకపోవచ్చు, చైన్ కూడా పొట్టిదవుతుంది.