రంగుల అక్షరాలు నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా బాబు ప్లస్ టూ సైన్స్. సాయంత్రమైతే కంప్యూటర్ ముందు కూర్చుని వెబ్ పేజీల్లో అక్షరాలకు గ్రేడియంట్ రంగులు (ఒక రంగు మెల్లగా ఇంకో రంగులోకి జారేవి) వేస్తుంటాడు. ఇదే నేర్చుకుంటానంటున్నాడు. డబ్బు కట్టి కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: వద్దమ్మా. దీనికోసం పైసా కట్టక్కర్లేదు. వెబ్ పేజీకి రంగూ రూపూ దిద్దే భాష సీఎస్ఎస్‌లో ఇది నాలుగు వరుసల పని. అక్షరాల వెనక లీనియర్ గ్రేడియంట్ పరిచి, బ్యాక్‌గ్రౌండ్ క్లిప్ దగ్గర టెక్స్ట్ అని రాసి, అక్షరం రంగును ట్రాన్స్‌పరెంట్ (పారదర్శకం) చేస్తే వెనకున్న రంగులు అక్షరాల మేరకే కనిపిస్తాయి. పాత బ్రౌజర్ల కోసం క్లిప్ వరుసను ముందు వెబ్‌కిట్ అనే పేరు తగిలించి ఇంకోసారి రాయాలి. అంతే.

బాబుకు పని వచ్చిందో లేదో ఇంగ్లీషు అక్షరాల మీద తెలియదు. తెలుగులో 'వస్త్రాలయం' అని రాసి చూడమనండి. లైన్ హైట్ (వరుసకిచ్చే ఎత్తు) 1 పెడితే, అంటే అక్షరం సైజంతే ఉంచితే, గ్రేడియంట్ ఆ వరుస పెట్టె వరకే పరుచుకుంటుంది, కింద వేలాడే వత్తులు దాన్ని దాటిపోతాయి. అక్షరానికి సొంత రంగు లేదు కాబట్టి దాటిన ముక్క అసలు కనిపించదు. వత్తులు పూర్తిగా పోతే 'వసాలయం' మిగులుతుంది! కిందికి దిగే ఒడియా యుక్తాక్షరాలకూ ఇదే ఇబ్బంది. లైన్ హైట్ పెంచినా, కింద ప్యాడింగ్ (ఖాళీ జాగా) ఇచ్చినా సరిపోతుంది. రెండు లిపులూ కంటికి అలవాటైన పిల్లాడు ఇలాంటి తప్పు ఇట్టే పట్టేస్తాడు. మీ సరిహద్దు ఊళ్ల పిల్లలకు ఇది నిజంగా పెద్ద ఆస్తి.

ఇంకొకటి, తెల్లటి పేజీ మీద పసుపులోకి జారే అక్షరాలు చూపు మందగించినవాళ్లకు ఆనవు. వెబ్ పేజీలు అందరికీ అందేలా ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ ప్రమాణం ప్రకారం మామూలు అక్షరాలకు కాంట్రాస్ట్ (అక్షరానికీ వెనక రంగుకీ వెలుగులో తేడా) కనీసం 4.5:1, పెద్ద శీర్షికలకు 3:1 ఉండాలి. గ్రేడియంట్‌లో బాగా వెలిసిన చివరను కొలవాలి.

లెక్కలు మాత్రం వదలనివ్వకండి. ఒడిశాలో బీటెక్ సీట్లు జేఈఈ మెయిన్ ర్యాంకు మీద రాష్ట్ర ప్రవేశాల సంస్థ ఓజేఈఈ జరిపే కౌన్సెలింగ్‌లో ఇస్తారు. బరంపురంలోనే ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. బీసీఏ అయినా మంచిదే. రంగులొక్కటే చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు, పేజీని పనిచేయించే భాష జావాస్క్రిప్ట్ కూడా రావాలి.

ఈ సెలవుల్లో తెలిసినవాళ్ల కొట్టుకు తెలుగు, ఒడియాల్లో ఒక పేజీ చేయించండి. మీ ఫోన్లో మీరే తెరిచి చదవండి. ఎక్కడ చదవడం ఆగిందో బాబుకు చెప్పండి.