ఎంటర్ కొట్టగానే కమాండ్ నడిపేయకు

తమ్ముడూ,

నీ గేమ్‌లో కమాండ్లు టైప్ చేసే కన్సోల్ కోసం రాసి పంపిన కోడ్ మొత్తం చదివాను. తెర కిందికి జారడం, పాత లైన్లు పైబాణంతో వెనక్కి రావడం అన్నీ శుభ్రంగా ఉన్నాయి. కానీ ఎంటర్ నొక్కిన చోటి నుంచే నేరుగా కమాండ్ ఫంక్షన్‌ని పిలిచేస్తున్నావు, అప్పుడప్పుడూ క్రాష్ అవుతోందన్నావే, దాని మూలం అక్కడే ఉంది. నీ కన్సోల్ కూడా ఒక ఎంటిటీయే, అంటే గేమ్ ప్రతి ఫ్రేమ్‌లోనూ అప్‌డేట్ చేసే వస్తువుల్లో ఒకటే కాబట్టి, ఎంటర్ అందేసరికి ఎంటిటీల జాబితా మీద తిరిగే లూప్ ఇంకా సగంలోనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే కొత్త లెవెల్ లోడ్ చేసే మ్యాప్ కమాండ్ వచ్చి పాత లెవెల్‌ని, దానితోపాటు ఆ జాబితాని ఖాళీ చేసేస్తే లూప్ ఇంకెక్కడికి తిరిగిరావాలి?

అందుకే వచ్చిన టెక్స్ట్‌ని ముందు ఒక బఫర్‌లో, అంటే తాత్కాలికంగా దాచే చోట పడేయ్. ఫ్రేమ్‌లో ఒకే ఒక్క చోట, ఇన్‌పుట్ అంతా తీసుకున్నాక, సిమ్యులేషన్ (గేమ్ ప్రపంచాన్ని ఒక అడుగు ముందుకు నడిపే పని) మొదలవకముందు, ఆ బఫర్‌ని ఖాళీ చేయ్. 1996లో వచ్చిన క్వేక్ చేసింది ఇదే. దాని సోర్స్ 1999 డిసెంబర్ నుంచి జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద అందరికీ అందుబాటులో ఉంది. అందులో కమాండ్ల ఫైల్ చిన్నదే, ఒక సాయంత్రం కూర్చుంటే అయిపోతుంది, ఏ ట్యుటోరియల్ కన్నా ముందు అది చదువు.

చదివేటప్పుడు ఒక సంగతి మీద ప్రత్యేకంగా కన్నేయ్. బఫర్‌లోకి టెక్స్ట్ చేర్చడానికి అక్కడ రెండు దారులున్నాయి, ఒకటి చివర చేర్చేది, ఇంకోటి మొదట్లో దూర్చేది. కాన్ఫిగ్ ఫైల్ నడిపే ఎగ్జెక్ కమాండ్ రెండోది వాడుతుంది, ఎందుకంటే ఒకే లైన్‌లో సెమీకోలన్ పెట్టి ముందు ఎగ్జెక్, తర్వాత మ్యాప్ అని రాస్తే ఫైల్‌లో ఉన్నవన్నీ అయ్యాకే మ్యాప్ లోడవ్వాలి కదా. ఫైల్‌లోని లైన్లని చివర చేర్చావనుకో, మ్యాప్ ముందు లోడైపోయి సెట్టింగులు తర్వాత పడతాయి. అలియాస్‌కీ, అంటే కొన్ని కమాండ్లకి కలిపి పెట్టుకున్న పొట్టి పేరుకీ ఇదే లెక్క. పైగా ఒక అలియాస్ తనని తానే పిలుచుకుంటే ఆ ఫ్రేమ్ ఎప్పటికీ ముగియదు, అందుకే క్వేక్ 2లో దానికి 16 అని ఒక హద్దు పెట్టారు. నువ్వూ ఏదో ఒక అంకె పెట్టుకో, హద్దు దాటితే మెసేజ్ చూపించి ఆపేయ్.

లైన్‌ని టోకెన్లుగా, అంటే విడి ముక్కలుగా విడగొట్టే పని గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఖాళీల దగ్గర విరువు, కోట్స్ మధ్య ఉన్నదాన్ని ఒకే ముక్కగా ఉంచు, కోట్స్ లోపల సెమీకోలన్ వస్తే అక్కడ కమాండ్‌ని తెంచకు, లేకపోతే ఒక కీకి కమాండ్లని తగిలించే బైండ్ కమాండ్ పనికిరాకుండా పోతుంది. అంకెల దగ్గర మాత్రం జాగ్రత్త. టెక్స్ట్‌ని అంకెగా మార్చడానికి సీ ఫంక్షన్ అటోఐ వాడుతున్నావు, దానికి చెత్త ఇచ్చినా నోరెత్తకుండా సున్నా ఇస్తుంది. గేమ్ వేగాన్ని పెట్టే టైమ్‌స్కేల్‌కి పొరపాటున ఒక అక్షరం కొడితే విలువ సున్నా అయ్యి గేమ్ బిగుసుకుపోతుంది, కొట్టినవాడేమో ఇంజిన్ హ్యాంగ్ అయ్యిందనుకుంటాడు. దశాంశాలు చదివే సీ ఫంక్షన్లు లొకేల్‌ని (సిస్టమ్‌లోని భాష, ప్రాంతం సెట్టింగ్‌ని) బట్టి చుక్కకి బదులు కామా కోసం చూడొచ్చు, అది ఇంకో తలనొప్పి. సీ++17లో వచ్చిన ఫ్రమ్ చార్స్ అనే ఫంక్షన్‌కి ఆ గోల లేదు, అంకె ఎక్కడ ఆగిందో, అసలు అంకేనో కాదో కూడా చెబుతుంది. తప్పు విలువ వస్తే పాత విలువని కదపకుండా, ఏం ఇవ్వాలో ఒక లైన్‌లో చూపించు.

కీబోర్డ్ విషయంలో రెండు ఉన్నాయి. కన్సోల్ తెరిచే క్షణంలో ఆటగాడి వేలు ముందుకు నడిచే కీ మీదే ఉందనుకో, ఆ తర్వాత వేలు తీసినా ఆ ఈవెంట్ కన్సోల్‌కి వెళ్తుంది గానీ గేమ్‌కి వెళ్లదు, పాత్ర గోడకి ఆనుకుని అలా నడుస్తూనే ఉంటుంది. తెరిచేటప్పుడే నొక్కి ఉన్న కీలన్నీ వదిలినట్టు గేమ్‌కి చెప్పేయ్. రెండోది, తెరిచే కీని అక్షరంతో పోల్చకు, కీబోర్డ్ మీద ఆ కీ ఉన్న చోటుని చెప్పే స్కాన్‌కోడ్‌తో పోల్చు, కీబోర్డ్ లేఅవుట్ మారితే ఆ అక్షరం వేరే చోటికి పోతుంది, లేదా ఒక్క నొక్కుతో రానే రాదు. దాని వెనకాలే వచ్చే టెక్స్ట్ ఈవెంట్‌ని మింగేయడం మర్చిపోకు, లేదంటే కన్సోల్ తెరిచిన ప్రతిసారీ లైన్ మొదట్లో ఆ గుర్తు పడి ఉంటుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టిన సంగతి. నీ కోడ్‌లో కమాండ్ ఏంటన్నది చూస్తున్నావు గానీ అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందన్నది ఎక్కడా చూడట్లేదు. మల్టీప్లేయర్ పెడతానంటున్నావు, అంటే రేపు నెట్‌వర్క్ మీద అవతలివాడు పంపిన టెక్స్ట్ కూడా ఇదే ఫంక్షన్‌లోకి వస్తుంది. వాడు క్విట్ అని పంపితే సర్వర్ మూతపడాలా? క్వేక్‌లో ప్రతి కమాండ్‌కీ అది బఫర్ నుంచి వచ్చిందా, క్లయింట్ (సర్వర్‌కి కలిసిన ఆటగాడి ప్రోగ్రామ్) నుంచి వచ్చిందా అన్న గుర్తు ఉంటుంది. నువ్వు బఫర్‌లో వేసే ప్రతి లైన్‌తో పాటు మూలాన్ని కూడా వెయ్: కన్సోల్, కాన్ఫిగ్ ఫైల్, క్లయింట్, సర్వర్. సర్వర్ నుంచి క్లయింట్‌కి వచ్చేవాటినీ నమ్మకు, ఎవడో పెట్టిన సర్వర్‌లో చేరిన పాపానికి ఆటగాడి కీ బైండింగులు మారిపోకూడదు. కమాండ్‌ని ఇంజిన్‌లో రిజిస్టర్ చేసేటప్పుడే దాన్ని ఎవరెవరు నడపొచ్చో ఫ్లాగ్‌గా రాయించు, ఏమీ రాయకపోతే నెట్‌వర్క్ నుంచి నడవదు అన్నది డిఫాల్ట్‌గా ఉండాలి. దీన్ని తర్వాత చూద్దాంలే అని వదిలేస్తే వంద కమాండ్లయ్యాక ఒక్కోదాన్నీ తిరగేసే ఓపిక నీకుండదు, ఎవరికీ ఉండదు.

చీట్ ఫ్లాగ్ కూడా ఇలాంటిదే. వాల్వ్ కంపెనీ సోర్స్ ఇంజిన్‌లో చీట్స్‌ని అనుమతించే ఎస్‌వీ చీట్స్ సెట్టింగ్ ఆపేస్తే చీట్ ఫ్లాగ్ ఉన్న వేరియబుల్స్ అన్నీ వాటి డిఫాల్ట్ విలువలకి వెళ్లిపోతాయి. నీ కోడ్‌లో కొత్తగా మార్చడం మాత్రమే ఆగుతోంది, ముందే మార్చినవి అలాగే ఉండిపోతున్నాయి, కాబట్టి చీట్స్ ఆన్ చేసి గోడలు మాయం చేసి మళ్లీ ఆఫ్ చేసినవాడికి గోడలు మాయమయ్యే ఉంటాయి. పాస్‌వర్డ్ ఉండే వేరియబుల్స్‌కి ఇంకో ఫ్లాగ్ కావాలి, వాటి విలువ లాగ్‌లోకి గానీ, డిస్క్ మీద దాచే హిస్టరీలోకి గానీ వెళ్లకూడదు. బగ్ రిపోర్ట్‌తో పాటు లాగ్ ఫైల్ పంపమని మనమే అడుగుతాం, మర్చిపోకు.

ఇంకొక్కటి, కమాండ్లని గ్లోబల్ ఆబ్జెక్టుల కన్‌స్ట్రక్టర్లలో రిజిస్టర్ చేస్తున్నావు. ఫర్వాలేదు, అన్‌రియల్ ఇంజిన్‌లోనూ అలాంటి పద్ధతి ఉంది. కాకపోతే ఆ కమాండ్ల జాబితా ఉంచే నీ రిజిస్ట్రీ కూడా ఇంకో ఫైల్‌లో గ్లోబల్‌గానే ఉంది, వాటిలో ఏది ముందు పుడుతుందో భాష హామీ ఇవ్వదు. రిజిస్ట్రీని ఒక ఫంక్షన్ లోపలి స్టాటిక్‌గా మార్చు, ఆ సమస్య పోతుంది. ఆ ఫైళ్లని స్టాటిక్ లైబ్రరీలో పెడితే మాత్రం, వాటిని ఎవరూ పేరు పెట్టి పిలవట్లేదు కాబట్టి, కంపైలైన ముక్కల్ని కలిపి ప్రోగ్రామ్ తయారుచేసే లింకర్ వాటిని అసలు తీసుకోకపోవచ్చు. ఎర్రర్ ఉండదు, వార్నింగ్ ఉండదు, కమాండ్ మాత్రం ఉండదు. అందుకని ఉన్న కమాండ్లన్నీ చూపించే కమాండ్ ఒకటి ముందు రాసుకో, బిల్డ్ మార్చినప్పుడల్లా దాన్ని ఒకసారి కొట్టి చూడు.

మీ అన్నయ్య