ఓలాఫా, ఓలావా, ఓలాఫరా?

సందేహం: నార్వే చరిత్ర గురించిన తెలుగు వ్యాసాల్లో ఒకే రాజు పేరు ‘ఒలాఫ్’, ‘ఓలావ్’, ‘ఓలాఫర్’ అని మూడు విధాలుగా కనిపిస్తోంది. ఏది సాధువు? చివరి రేఫ పేరులో భాగమేనా?

సమాధానం: కాదు, అది ప్రథమా విభక్తి ప్రత్యయం. మనకు ‘రాముడు’లో డువర్ణం ఎలాంటిదో, మధ్యయుగంలో నార్వే, ఐస్‌లాండ్ వారు మాట్లాడిన పాత నార్స్ భాషలో ఆ ‘ర్’ అలాంటిది. ద్వితీయలో అది లోపించి ‘ఓలాఫ్’, షష్ఠిలో ‘ఓలాఫ్స్’ అవుతుంది. పుట్టుకను బట్టి చూస్తే ఈ రేఫ, ‘రామః’లోని విసర్గ రెండూ నార్స్‌కూ సంస్కృతానికీ మూలమైన భాషలోని ఒకే సకారం నుంచి వచ్చినవి. రామశబ్దాన్ని తెచ్చుకున్నప్పుడు విసర్గ వదిలేశాం; ఇక్కడ రేఫనూ అలాగే వదిలేయాలి. ‘ఓలాఫర్‌కు’ అని రాస్తే ఒకే పేరుకు రెండు భాషల విభక్తులు తగిలించినట్టవుతుంది.

మొదటి రెండు అచ్చులూ దీర్ఘాలే కనుక ‘ఒలాఫ్’ కుదరదు. ఇక ఫకారం రాతలోనిది, పలుకులో అక్కడ వకారమే. మధ్యయుగపు రాజులకు (995–1000 మధ్య ఏలిన ఓలాఫ్ ట్రిగ్వాసన్, 1030లో స్టిక్లెస్టాడ్ యుద్ధంలో మరణించి సెయింట్ అయిన ఓలాఫ్ హరాల్డ్‌సన్) ‘ఓలాఫ్’ రూఢి, దాన్నే ఉంచండి. 1957 నుంచి 1991 వరకు ఏలిన ఐదవ ఓలావ్‌కు మాత్రం నార్వే వారి వర్తమాన రూపమే తగినది. ఐస్‌లాండ్ వారు నేటికీ ప్రత్యయంతోనే పిలుచుకుంటారు కనుక అక్కడి మాజీ అధ్యక్షుణ్ని ‘ఓలావుర్’ అనే రాయాలి.

ఈ పేరు తొలి రూపం ‘అనులైబజ్’. ‘అను’ అంటే పూర్వీకుడు, ‘లైబజ్’ అంటే మిగిలినవాడు, వారసుడు. నడుమనున్న నకారం నార్స్‌లో తర్వాత జారిపోయింది గాని, పొరుగువారు అంతకుముందే పట్టుకున్నారు. 937 నాటి బ్రూనన్‌బర్ యుద్ధాన్ని వర్ణించిన ఇంగ్లీషు పద్యంలో డబ్లిన్ రాజు పేరు ‘అన్‌లాఫ్’. ఐరిష్ వారు దాన్నే ‘అమ్లైబ్’ చేసుకున్నారు. ఐరిష్‌కు దగ్గరి చుట్టమైన స్కాట్లండ్ గేలిక్ భాషలో ‘మక్’ అంటే కొడుకు. ఓలాఫ్ కొడుకు అనే అర్థంలో స్కాట్లండ్ హెబ్రిడీస్ దీవుల్లో ఏర్పడిన వంశనామమే మెకాలే. 1835లో మన చదువుల మీద నివేదిక రాసిన మెకాలే పూర్వీకులది ఆ దీవులే.

‘ట్రిగ్వాసన్’ను ఇంటిపేరుగా భావించి ‘ట్రిగ్వాసన్ గారి పాలన’ అని రాయడం కూడా పొరపాటే. ట్రిగ్వి ఆయన తండ్రి. ‘ట్రిగ్వా’ దాని షష్ఠీరూపం. పొట్టిగా రాయాల్సి వస్తే ‘ఓలాఫ్’ అనే రాయండి.