మూడెకరాలు అమ్మి కొనాల్సిన సీటేనా ఇది?

ప్రశ్న: మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. రెండెకరాలు చీనీ (బత్తాయి) తోట, ఆరెకరాలు వానమీద చెనక్కాయ. అబ్బాయి ఇంటర్ బైపీసీ అయ్యాడు, సేద్యం చేస్తానంటాడు. మూడెకరాలు అమ్మి బెంగళూరులో ప్రైవేటు అగ్రికల్చర్ బీఎస్సీలో చేర్పిద్దామనుకుంటున్నా. ఏది మేలు?

జవాబు: సేద్యం చేసేవాడికి పిల్లనెవరిస్తారన్నది మీరు రాయకుండా వదిలేసిన మాట. ఇట్లాంటి ఉత్తరాల్లో సగం ఆ భయంతోనే వస్తాయి.

ముందు ఆ సీటు సంగతి. 2019లో గ్రామ సచివాలయాల్లో వ్యవసాయ సహాయకుల నియామకాలు చూశాక ఈ కోర్సు మీద మోజు పెరిగింది. అన్ని పోస్టులు ఒకేసారి నిండాయి గనుక ఏటా అట్లా పడవు. ఆ కాలేజీకి ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఉందా? లేకుంటే పీజీ దగ్గర చిక్కే. చివరి ఏడాది పల్లెకు పంపి రైతుల దగ్గర నేర్చుకోమంటారు. సొంత చేను అమ్మి, ఫీజు కట్టి, ఇంకొకరి చేను చూడ్డానికి పోతాడన్నమాట. మన ప్రభుత్వ ఎన్జీ రంగా వ్యవసాయ వర్సిటీలో సీటొస్తే కళ్లు మూసుకుని పంపండి. రైతు బిడ్డల కోటాకు భూమి కాగితాలు, పల్లెలో చదివిన సర్టిఫికెట్లు ఇప్పుడే తీసిపెట్టుకోండి.

సేద్యంలో ఏమీ మిగల్దంటారు, లెక్క మాత్రం రాయరు! పశువులకు మేతయ్యే చెనక్కాయ కట్టె ఊరికే వచ్చినట్టు, పాల డబ్బులు లెక్కలోకి రానట్టు, ఇంటిల్లిపాది కష్టానికి కూలే లేనట్టు మాట్లాడతారు. కట్టె, పాలు కలిపితే రాబడి పెరుగుతుంది. ఇంటి కూలి కడితే ఖర్చూ పెరుగుతుంది. రెండూ రాయండి. మీ ఖర్చులో ట్రాక్టరు బాడుగ, కలుపు కూలి, కాయ కోత కూలి ఊళ్లోనే తిరుగుతాయి. కాయ మిల్లుకు పోయి, నూనె తీశాక పశువుల దాణా చెక్కై మళ్లీ పాడి ఇళ్లకే వస్తుంది. ఆరెకరాలూ బీడు పడితే మొదట పస్తుండేది కూలి ఇళ్లు, తర్వాత బేరం తగ్గేది ఊరి అంగడికి.

అబ్బాయికి ఒక ఏడాది పని అప్పజెప్పండి. ఏడు సాళ్ల చెనక్కాయకు ఒక సాలు కంది వేయమనండి. చెనక్కాయ పూత నుంచి ఊడలు మట్టిలోకి దిగేటప్పుడు బెట్ట పడితే కాయ పోతుంది. కంది వేరు లోతుకు పోతుంది గనుక తర్వాతి వానలకు తేరుకుంటుంది. చీనీ 20 అడుగుల ఎడంలో ఉంటే ఎకరాకు 108 చెట్లు. ఏ చెట్టు ఎంత కాసిందో, దేనికి బంక కారుతోందో నోటుబుక్కులో రాయాలి. మొదలుకు నీళ్లు తగలనివ్వద్దు, వేరుకుళ్లు అక్కడే మొదలవుతుంది. బోరు తగ్గిందని ఇంకో బోరుకు అప్పు చేసేముందు డ్రిప్, పంటకుంట చూడండి.

ఇక పెళ్లి మాట. ముప్పై ఏళ్లొచ్చినా బండి పెట్రోలుకు నాయన దగ్గర చెయ్యి చాపే కొడుకును చూసి పిల్లనిచ్చేవాళ్లు జంకుతారు, అందులో వాళ్ల తప్పేముంది? అమ్మాలనుకున్న ఆ మూడెకరాలే, పద్దెనిమిది నిండాయో లేదో చూసుకుని, వాడి పేర రిజిస్టరు చేయించండి. పాసుపుస్తకం, పంట రుణం, పాల డబ్బులు పడే ఖాతా అన్నీ వాడి పేరే ఉండాలి.