మామగారి పెట్టెలోని అరబ్బీ నాణెం

ప్రశ్న: మా మామగారు చాలా ఏళ్లు కువైట్‌లో పనిచేశారు. ఆయన పెట్టెలో వెండి రంగు నాణెం ఒకటి దొరికింది. ఒకవైపు ఖర్జూరపు చెట్టు, దాని కింద అడ్డంగా రెండు కత్తులు ఉన్నాయి. రెండోవైపు అరబ్బీ రాత, అడుగున నాలుగు గుర్తులు: నిలువు గీత, పైన పళ్లున్న గీత, మన 9 లాంటిది, ఇంగ్లీషు ‘వి’ అక్షరం లాంటిది. నాణేలు సేకరించే మా ఆడపడుచు కొడుక్కి పుట్టినరోజు కానుకగా ఇవ్వాలనుకుంటున్నాను. ఇది కువైట్ నాణెమేనా? చింతపండుతో తోమి ఇవ్వవచ్చా?
— ఒక పాఠకురాలు, కడప

జవాబు: ఇది కువైట్‌ది కాదమ్మా, సౌదీ అరేబియాది. ఖర్జూరపు చెట్టు, రెండు కత్తులు ఆ రాజ్యపు చిహ్నం; కువైట్ 1961లో సొంత దినారు తెచ్చుకున్నప్పటి నుంచి దాని నాణేలపై తెరచాప ఓడ కనిపిస్తుంది. అంతకుముందు కువైట్‌లో చెలామణి అయినది మన రూపాయే, ఈ సంగతి కూడా పిల్లవాడికి చెప్పండి. రెండూ ఇరుగుపొరుగు దేశాలు కాబట్టి, సౌదీకి వెళ్లివచ్చిన వారి ద్వారానో, మీ మామగారే వెళ్లినప్పుడో ఈ నాణెం ఆ పెట్టెలోకి చేరి ఉంటుంది.

మీరు వర్ణించిన నాలుగు గుర్తులు సంవత్సరాన్ని తెలుపుతాయి. అరబ్బీ రాత కుడి నుంచి ఎడమకు సాగినా అంకెలను మాత్రం మనలాగే ఎడమ నుంచి చదవాలి. ఆ ప్రకారం ఇది 1397. అయితే ఇది హిజ్రీ సంవత్సరం, అంటే క్రీ.శ. 622 నుంచి లెక్కించే ఇస్లామీయ సంవత్సరం. చంద్రుని గమనాన్ని అనుసరించే ఆ సంవత్సరం మన క్యాలెండరు సంవత్సరం కన్నా సుమారు 11 రోజులు చిన్నది కనుక, 1397ను 0.97తో హెచ్చవేసి 622 కలిపితే 1977 వస్తుంది. ఖాలిద్ రాజు పాలించిన కాలమది (1975–82). నాణెం విలువ తెలుసుకోవడానికి అరబ్బీ అంకెలను చూడండి: నిలువు గీత పక్కన చుక్క ఉంటే 10 హలాలాలు, సున్నా లాంటి గుండ్రటి గుర్తు పక్కన చుక్క ఉంటే 50. అరబ్బీలో చుక్కే సున్నా, గుండ్రటిది 5. కొత్తగా సేకరించేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. నూరు హలాలాలు ఒక రియాలు.

చింతపండు మాత్రం వద్దు. ఇత్తడి బిందెకు మెరుపు తెచ్చే ఆ పులుపే నాణెం పైపొరను తినేస్తుంది, తోమిన గీతలు ఎప్పటికీ పోవు, అటువంటి నాణేన్ని సేకర్తలు ఇష్టపడరు. జిడ్డుగా ఉంటే గోరువెచ్చని సబ్బునీటిలో కడిగి, రుద్దకుండా మెత్తని నూలుగుడ్డతో అద్దండి. మెత్తని ప్లాస్టిక్ కవరులో ఉంచితే కొన్నాళ్లకు పచ్చని జిగురు పట్టే ప్రమాదం ఉంది కనుక, నాణేల కోసమే అమ్మే అట్ట చట్రంలో పెట్టండి.

ఇది రాగి, నికెల్ కలిపిన లోహంతో చేసిన సాధారణ నాణెం, పెద్ద ధర పలకదు. కానీ తాతగారి పెట్టెలోది కావడం వల్ల ఆ పిల్లవాడికి దాని విలువ వేరు. ఆయన కువైట్‌కు ఏ సంవత్సరంలో వెళ్లారో, అక్కడ ఏం పని చేశారో ఒక చీటీపై రాసి నాణెంతో పాటు ఇవ్వండి. సంవత్సరం లెక్క మాత్రం రాయకండి, పద్ధతి చెప్పి అతనిచేతే చేయించండి.