చాంగ్‌పింగ్ ఓటమికి జావో కువో ఒక్కడే కారణమా?

"ప్రాచీన చైనాలో, క్రీ.పూ. 260లో చాంగ్‌పింగ్ దగ్గర చిన్ రాజ్యం చేతిలో జావో రాజ్యపు సేన సర్వనాశనం కావడానికి, పుస్తకాలు తప్ప యుద్ధం తెలియని సేనాని జావో కువో ఒక్కడే కారణమా?" అని అడిగారు. కాదనే నా సమాధానం. ఆ నేలను చూసి వచ్చాక ఈ అభిప్రాయం మరింత గట్టిపడింది.

చైనాలో వైద్యవిద్య చదివేందుకు నేను షాన్‌షీ రాష్ట్రంలోని తైయువాన్ నగరంలో కొన్నేళ్లు ఉన్నాను. మొదటి సంవత్సరం చేతిలోని నాడుల పేర్లన్నీ వరసగా అప్పజెప్పాను. శవం మీద చూపించమంటే ఒక్కటీ చూపించలేకపోయాను. అప్పుడు మా అధ్యాపకుడు "కాగితం మీద యుద్ధం" అని మందలించారు. చైనాలో పిల్లలకు కూడా తెలిసిన సామెత అది, పుట్టింది జావో కువో కథలోంచే. ఆ మాట మనసులో గుచ్చుకుని, అసలు ఎవరీ మనిషి అని చదవడం మొదలుపెట్టాను.

గొడవ మొదలైంది మూడో రాజ్యంతో. క్రీ.పూ. 262లో చిన్ సేనలు హాన్ రాజ్యానికి చెందిన యెవాంగ్‌ను పట్టుకోవడంతో, ఉత్తరాన కొండల్లో ఉన్న షాంగ్‌డాంగ్ ప్రాంతం తన రాజధానితో సంబంధం తెగిపోయి ఒంటరిదైంది. అక్కడి పాలకుడు ఫెంగ్ తింగ్ చిన్‌కు లొంగకుండా, 17 పట్టణాలను జావో రాజు చేతిలో పెట్టాడు. చిన్ పడ్డ శ్రమకు ఫలం మనం తినబోతే ఊరుకోరని సభలో ఒకరు హెచ్చరించినా, ఉచితంగా వచ్చిన భూమి మీద ఆశ గెలిచింది. అసలు తప్పు ఇక్కడే జరిగింది. అప్పటికి జావో కువోకు సేనాధిపత్యమే లేదు.

మొదట సేనను నడిపించింది వృద్ధ సేనాని లియెన్ పో. కోటలు కట్టుకుని, ఎంత రెచ్చగొట్టినా బయటికి రాకుండా చిన్ సేనను అలసిపోయేలా చేయాలన్నది ఆయన ఎత్తు. అది మంచి ఎత్తే. కానీ లక్షల మందికి రోజూ తిండి పెట్టాలి. జావోకు ధాన్యం చాలక చీ రాజ్యాన్ని అడిగితే వాళ్లు ఇవ్వలేదు. రాజుకు ఓపిక నశించింది. సరిగ్గా అదే సమయంలో చిన్ మంత్రి ఫాన్ జ్యూ డబ్బు వెదజల్లి, "చిన్‌కు భయమంటూ ఉంటే జావో కువో అంటేనే" అనే పుకారు పుట్టించాడు. రాజు నమ్మి, లియెన్ పోను తప్పించి కువోకు సేనను అప్పగించాడు.

ఎవరూ చెప్పకపోయి ఉంటే వేరే మాట. మంచంలో ఉన్న మంత్రి లిన్ షియాంగ్‌రు వద్దన్నాడు. కువో కన్నతల్లి కూడా రాజుకు విన్నవించుకుంది. తన భర్త జావో షె రాజు ఇచ్చిన కానుకలన్నీ సైనికులకు పంచేవాడనీ, కొడుకు మాత్రం బంగారం ఇంట్లో దాచుకుని భూములు కొనే పనిలో ఉన్నాడనీ చెప్పింది. వినకపోయేసరికి, వాడు ఓడిపోతే ఆ శిక్ష తన మీదికి రాకూడదని మాట తీసుకుంది. ఒక తల్లి అంతదూరం వెళ్లిందంటే ఆమెకు ఎంత స్పష్టంగా తెలిసి ఉండాలి!

కువో తప్పు చేయలేదని అనను. చిన్ వాళ్లు రహస్యంగా తమ సేనానిని మార్చి బాయ్ చీని రంగంలోకి దించారు. ఆ సంగతి బయటపెట్టినవాడికి మరణశిక్ష అన్నారు. బాయ్ చీ ఓడిపోతున్నట్లు వెనక్కి తగ్గాడు, కువో వెంటపడ్డాడు. ఈలోగా 25,000 మంది వెనుక దారిని మూసేశారు, 5,000 మంది ఆశ్వికులు జావో సేనను రెండుగా చీల్చారు. చిన్ రాజు స్వయంగా బయలుదేరి, పదిహేనేళ్లు దాటిన మగవాళ్లందరినీ సమీకరించి ధాన్యం దారులకు అడ్డంగా పెట్టాడు. ముట్టడిలో 46 రోజులు తిండి లేదు. మనుషులు మనుషులను తిన్నారని ప్రాచీన చైనా చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు. అయినా ఆ సేన అన్నాళ్లు విడిపోలేదు. చివరికి కువో స్వయంగా ముందుండి దూసుకెళ్లి బాణాలకు బలయ్యాడు. గెలిచిన చిన్ సేనలోనూ సగానికి పైగా చనిపోయారని బాయ్ చీయే తర్వాత చెప్పాడు. చేతకానివాడితో యుద్ధం అయితే ఇంత నష్టం జరిగేదా?

లొంగిపోయిన 4 లక్షల మందిని చంపించి, 240 మంది కుర్రాళ్లను మాత్రం ఇంటికి పంపారని చరిత్ర చెబుతుంది. ఆ సంఖ్యను చాలామంది చరిత్రకారులు ఒప్పుకోరు. కానీ ఊచకోత జరిగింది. నా సహాధ్యాయి సొంత ఊరు గావోపింగ్. చాంగ్‌పింగ్ ఉన్నది అక్కడే. సెలవుల్లో అతనితో వెళ్లి, యోంగ్‌లూ గ్రామంలో 1995లో తవ్విన గుంతను చూశాను. అందులో సుమారు 130 మంది ఎముకలు దొరికాయి. అప్పటికి నేను ఎముకలు చదవడం నేర్చుకున్నాను. పుర్రెల మీద ఆయుధాల దెబ్బలు చూశాక, వీళ్లలో చాలామందిని ముందు చంపి తర్వాత పూడ్చారన్న పరిశోధకుల మాట నాకు అర్థమైంది. సజీవంగా పాతిపెట్టారనే కథ ఈ గుంతకు సరిపోదు. కాసేపు మాట్లాడలేకపోయాను.

ఆ సాయంత్రం మా స్నేహితుడి నాయనమ్మ టోఫు వడ్డించింది. నిప్పుల మీద కాల్చి, ఉడికించి, అల్లం, వెల్లుల్లి, సోయా పిప్పి కలిపి నూరిన పచ్చడితో పెడతారు. దాన్ని ఆ ప్రాంతంలో "బాయ్ చీ మాంసం" అంటారు. కాల్చిన టోఫు ఆయన కండ, పిప్పి ఆయన మెదడు అట. రెండు వేల రెండు వందల ఏళ్లు దాటినా ఆ ఊరు ఆయనను క్షమించలేదు. మరి జావో కువో పేరుతో ఏమైనా వంటకం ఉందా అని అడిగాను. ఆమె ఆశ్చర్యంగా చూసి, "ఆ పిల్లవాణ్ణి ఎందుకు తింటాం?" అంది.