ముందు చూడనివ్వు, తర్వాతే తయారీ

చిరంజీవి మాధవికి దీవెనలు.

పల్లె ఆసుపత్రులకు పనికొచ్చే పరికరాల తయారీ మీద బీటెక్ పిల్లలకు కోర్సు మొదలుపెడుతున్నావని తెలిసి సంతోషమైంది. మొదటి మూడు వారాలు వాళ్ల చేత ఏమీ తయారుచేయించకు. ఇద్దరిద్దరిని అనుమతితో జిల్లా ఆసుపత్రి నవజాత శిశు విభాగానికి పంపు. ఒక షిఫ్టంతా స్టాఫ్ నర్సు చేసే ఒకే పనిని చూడమను. "మీకేం కావాలి?" అని అడిగితే మొహమాటానికి ఏదో చెబుతారు. మూలన పడేసిన యంత్రాల గదిలో మాత్రం అసలు సంగతి తెలుస్తుంది. ఏ ఫిల్టర్ దొరక్క, ఏ కేబుల్ తెగి అవి ఆగిపోయాయో రాసుకు రమ్మను.

తర్వాత బబుల్ సీప్యాప్ చేయించు. ఊపిరి సరిగా ఆడని పసిబిడ్డకు ముక్కు ద్వారా ఆగని పీడనంతో గాలి ఇచ్చే పరికరమిది; గాలి బయటికి వెళ్లే గొట్టం కొసను నీళ్లలో ముంచి ఆ పీడనాన్ని నిలుపుతారు. 2010లో అమెరికాలోని రైస్ యూనివర్సిటీ విద్యార్థులు చేపల తొట్టె పంపులతో దీన్ని చేశారు. తర్వాత మలావీలోని బ్లాంటైర్ ఆసుపత్రిలో పరీక్షించారు. కావలసినవి తక్కువే: రెండు పంపులు, గాలి ప్రవాహాన్ని కొలిచే ఫ్లోమీటర్, లీటరు సీసా, పారదర్శక గొట్టాలు, పీడనం కొలవడానికి రంగునీళ్ల యూ-ట్యూబ్. ఆ గొట్టం కొస సీసా నీళ్లలో 5 సెంటీమీటర్లు మునిగితే పీడనం దాదాపు 5 సెంటీమీటర్ల నీటి పీడనం అవుతుంది.

ఇప్పుడు చేసినదాన్ని వాళ్ల చేతే చెడగొట్టించు. ముక్కులో పెట్టే ప్రాంగ్‌ను పిండిముద్దతో మూసేస్తే సీసాలో బుడగలు మాత్రం చక్కగా వస్తూనే ఉంటాయి! అసలు బిడ్డకు చీమిడి అడ్డుపడినప్పుడూ ఇంతే. బుడగలు చూసి నర్సు నిశ్చింతగా ఉంటుంది, గాలేమో లోపలికి పోదు. అందుకే యూ-ట్యూబ్‌ను ప్రాంగ్ అవతల, ముక్కు ఉండే చోట పెట్టి కొలవాలి. గాలి బయటికి వెళ్లే గొట్టంలో తేమ చేరి నీళ్లు నిలిస్తే పీడనం లోతు కంటే పెరుగుతుంది. గొట్టం మడతపడితే ఇంకా ప్రమాదం, ఊపిరితిత్తి చిరగొచ్చు. అందుకే పీడనం పెరిగితే తెరుచుకునే సేఫ్టీ వాల్వ్ లేని డిజైన్‌ను అంగీకరించకు.

ఇంకొక చిక్కు నీటిమట్టం. నీళ్లు ఆవిరైతే పీడనం తగ్గుతుంది, ఎవరైనా ఎక్కువ పోస్తే పెరుగుతుంది. గీతలు, హెచ్చరికల స్టిక్కర్లు రాత్రి డ్యూటీలో ఎవరికీ కనిపించవు. సీసాకు సరైన ఎత్తులో చిన్న పొర్లు రంధ్రం పెట్టి, కింద పళ్లెం ఉంచితే చాలు. పొర్లేదాకా పోయండి అని ఒక్క మాటలో చెప్పవచ్చు. ఇలాంటి పరిష్కారం పిల్లలు తామే కనిపెట్టేదాకా నువ్వు నోరు విప్పకు.

పంపులను వోల్టేజీ మార్చే వేరియాక్‌తో 180 నుంచి 260 వోల్టుల వరకు నడిపించు, మధ్యలో కరెంటు తీసెయ్. పరికరం పైభాగాలను క్రిములను చంపే 0.5 శాతం హైపోక్లోరైట్ ద్రావణంతో పదేపదే తుడిపించు. దాని మీది అంకెలు చెరిగిపోతాయేమో చూడు. పంపు ఇచ్చేది 21 శాతం ఆక్సిజన్ ఉన్న మామూలు గాలే అని పిల్లల చేతే చెప్పించు.

తరగతిలో చేసింది ఏ బిడ్డ మీదా పెట్టకూడదు. దానికి ఎథిక్స్ కమిటీ, 2017 మెడికల్ డివైజెస్ రూల్స్ ఉన్నాయి. మార్కుల్లో సగం చెడిన చోట్ల రికార్డుకే ఇవ్వు, అందమైన పెట్టెకు కాదు. ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు అనుమతి ఉత్తరం సెమిస్టర్ మొదలవకముందే పంపు, అక్కడ సంతకం రావడానికి సమయం పడుతుంది.